ఇంటి కంప్యూటర్‌కు ఎన్ని నిమిషాల కరెంటు కావాలి?

కంప్యూటర్ దుకాణంలో యూపీఎస్ బేరం సాధారణంగా ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: "600 వీఏ సరిపోతుందా, 1000 తీసుకోవాలా?" దుకాణదారు కూడా అదే కొలతలో బదులిస్తాడు. అంకె పెద్దదైతే ఎక్కువసేపు వస్తుందని, ధర ఎక్కువైతే రక్షణా ఎక్కువేనని ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఒప్పేసుకుంటారు. ఈ రెండు నమ్మకాల్లోనూ సగమే నిజం. వీఏ అన్నది ఆ పెట్టె ఒకేసారి ఎంత బరువు మోయగలదో చెబుతుంది గాని ఎంతసేపు మోస్తుందో చెప్పదు. ఎంతసేపన్నది లోపలి బ్యాటరీ మీద, దాని వయసు మీద, గది వేడిమి మీద ఆధారపడుతుంది. ఇవేవీ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండవు. అందుకే కొనేముందు వేసుకోవలసిన ప్రశ్న వేరు: మన ఇంట్లో కరెంటు ఏ తీరుగా పోతోంది, పోయినప్పుడు మనకు ఎన్ని నిమిషాలు కావాలి? యూపీఎస్ చేతికిచ్చేది పని పోకుండా ముగించుకునేంత వ్యవధి మాత్రమే. గంటల తరబడి పని సాగించే బాధ్యత దాని మీద పెడితే డబ్బూ దండగ, బ్యాటరీ ఆయువూ దండగ. ఈ ఒక్క విషయం స్థిరపరచుకుంటే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ముందు కరెంటు సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012–13 ప్రాంతంలో కోతలంటే గంటల లెక్క. వేళలు ముందే ప్రకటించి మరీ తీసేవారు. ఆ రోజుల్లో కుదిరిన అలవాటు కొద్దీ "రెండు గంటల బ్యాకప్" అన్న మాట ఇప్పటికీ కొనుగోలుదారుల నోట వినిపిస్తుంది. తరువాత పరిస్థితి మారింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో అనుసంధానమైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి కూడా 24 గంటల సరఫరా మొదలైంది. వేసవి డిమాండు పెరిగినప్పుడు ఇబ్బందులు రాకపోలేదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించాల్సి వచ్చింది. అయినా ఇప్పుడు మామూలు రోజున పట్నంలో గానీ మండల కేంద్రంలో గానీ కరెంటు పోయే కారణాలు ఎక్కువగా స్థానికమైనవే. ఈదురుగాలికి కొమ్మ తీగల మీద పడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతుంది, మరమ్మతు కోసం లైన్‌మన్ లైన్ క్లియర్ తీసుకుంటాడు, ఫీడర్ ఒకసారి ట్రిప్ అయి మళ్లీ నిలబడుతుంది. వీటిలో రెప్పపాటు పోయి వచ్చేవి కొన్ని, పది పదిహేను నిమిషాలవి కొన్ని, గంటలు పట్టేవి కొన్ని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పటిలాగా రోజుల తరబడి చీకటి కమ్మేవి బహు అరుదు. ఈ నాలుగింటికీ ఒకే మందు లేదు. యూపీఎస్ మొదటి రెండింటికి అచ్చంగా సరిపోతుంది. మూడోదానికి ఇన్వర్టర్ కావాలి. నాలుగోదానికి ఇంట్లో పెట్టుకునే ఏ పెట్టే చాలదు.

రెప్పపాటు కోతే కంప్యూటర్‌కు నిజమైన శత్రువు. మన సరఫరా సెకనుకు 50 ఆవర్తనాలు, అంటే ఒక్కో ఆవర్తనానికి 20 మిల్లీసెకండ్లు. కంప్యూటర్‌లోని ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె) తన కెపాసిటర్లలో దాచుకున్న శక్తితో దాదాపు అంతసేపే బతకగలదు. పూర్తి లోడు మీద 16–17 మిల్లీసెకండ్లు నిలబడాలన్నది డెస్క్‌టాప్ పవర్ సప్లైల ఏటీఎక్స్ ప్రమాణంలో చాలాకాలంగా ఉన్న లెక్క. మామూలు యూపీఎస్ 4 నుంచి 10 మిల్లీసెకండ్లలో బ్యాటరీ మీదికి మారుతుంది కనుక ఆ సందులో కంప్యూటర్‌కు ఏమీ తెలియదు. ఫ్యాన్ రెక్క ఒక చుట్టు మందగించేలోపే వచ్చేసే కరెంటు, యూపీఎస్ లేని కంప్యూటర్‌ను మాత్రం రీస్టార్ట్ చేసేస్తుంది. దీనికి ఒక ఆక్షేపణ ఉంది: ఇప్పటి సాఫ్ట్‌వేర్లు రాసింది రాసినట్టు భద్రం చేస్తున్నాయి, ఎన్‌టీఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ వ్యవస్థలు చేయబోయే మార్పులను ముందే జర్నల్‌లో రాసుకుంటాయి, ఇక నష్టమేముందని. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. వెనుకటి తరాల కంప్యూటర్లతో పోలిస్తే హఠాత్తుగా ఆగిపోవడం వల్ల కలిగే హాని ఇవాళ తక్కువే. కానీ జర్నల్ కాపాడేది ప్రధానంగా ఫైళ్ల అమరికను. అప్పుడే రాస్తున్న సమాచారం మొత్తానికి అది హామీ కాదు. ఇళ్లలో వాడే మామూలు ఎస్ఎస్‌డీల్లో సర్వర్ రకాల్లో ఉన్నట్టు కరెంటు పోయినా రాత పూర్తిచేసే కెపాసిటర్లు సాధారణంగా ఉండవు. బయోస్ అప్‌డేట్ నడుమ కరెంటు పోతే మదర్‌బోర్డు పైకి లేవకపోవచ్చు. ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న విద్యార్థికి, అమెరికా వేళల్లో మీటింగులో ఉన్న ఉద్యోగికి ఆటోసేవ్ వల్ల ఒరిగేది కొద్దే. కాబట్టి అవసరం తగ్గింది గాని తీరలేదు. తగ్గిన అవసరానికి తగ్గ కొలతలోనే కొనాలి.

ఆ కొలత వాట్లలో చూడాలి. మన మార్కెట్లో చిన్న యూపీఎస్‌ల పవర్ ఫ్యాక్టర్ ఎక్కువగా 0.6 దగ్గర ఉంటుంది. అంటే 600 వీఏ అని రాసినది మోయగలిగేది 360 వాట్లు, 1100 వీఏది 660 వాట్లు. వాట్ల అంకె కూడా డబ్బా మీద ఉంటుంది గాని వెతుక్కోవాలి. కొన్నింట్లో అది 360 కంటే తక్కువే ఉంటుంది. ఇక కంప్యూటర్ వైపు. ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని ఉంటే యంత్రం అంత లాగుతుందని కాదు, అంతవరకు ఇవ్వగలదని మాత్రమే. లెక్కలు, రాతకోతలు, బ్రౌజింగ్ చేసుకునే డెస్క్‌టాప్ మానిటర్‌తో కలిపి మామూలుగా 100 వాట్ల చుట్టుపక్కల తిరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు పెట్టిన గేమింగ్ యంత్రం ఆట నడుస్తుండగా 300, 400 వాట్లు సులువుగా దాటుతుంది. గోడ ప్లగ్గుకు తగిలించే చిన్న వాట్ మీటరుతో ఒక పూట కొలిస్తే ఊహాగానాలన్నీ ఆగిపోతాయి. కొలిచిన గరిష్ఠ వాడకం యూపీఎస్ వాట్లలో మూడింట రెండు వంతులు మించకుండా చూసుకుంటే చాలు.

నిమిషాల లెక్క దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా ఉండేది 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) సీల్డు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటి. గుణిస్తే 84 వాట్ అవర్లు. 100 వాట్ల కంప్యూటర్‌కు 50 నిమిషాలు రావాలి కదా అనిపిస్తుంది. రాదు. 7 ఏహెచ్ అనేది 20 గంటలపాటు నిదానంగా, 0.35 ఆంపియర్ల చొప్పున తీసినప్పటి లెక్క. కంప్యూటర్ ఆడుతున్నప్పుడు అదే బ్యాటరీ నుంచి 10 ఆంపియర్లు దాటి లాగుతాం. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎంత వేగంగా పిండితే అంత తక్కువ ఇస్తుంది. ఈ గుణాన్ని జర్మన్ శాస్త్రవేత్త పాయ్‌కర్ట్ 1897లోనే సూత్రీకరించాడు. మార్పిడిలో పోయే శక్తి కూడా కలుపుకుంటే కొత్త బ్యాటరీ 100 వాట్లకు పావుగంట అటూఇటూ ఇస్తుంది. 200 వాట్లకు అందులో సగం కూడా రాదు. రెండేళ్ల పాత బ్యాటరీ అయితే ఇంకా తక్కువ. ఇక్కడే వీఏ భ్రమ బయటపడుతుంది. 600కు బదులు 800 వీఏది కొన్నా లోపల అదే 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటే నిమిషాలేమీ పెద్దగా పెరగవు. 9 ఏహెచ్ బ్యాటరీ ఉందా, లేక రెండు బ్యాటరీలు ఉన్నాయా అని అడగాలి. 1000 వీఏ, ఆ పై రకాల్లో తరచు రెండుంటాయి. అక్కడ పెట్టిన డబ్బుకు నిజంగానే వ్యవధి దొరుకుతుంది. ఫైళ్లు భద్రపరచి, తెరిచినవి మూసి, విండోస్‌ను షట్‌డౌన్ చేయడానికి ఐదు నిమిషాలు చాలు. చిన్నాచితకా కోతలు దాటిపోవడానికి పది పదిహేను చాలు. యూపీఎస్ కారులో స్టెప్నీ వంటిది: పంక్చరు దుకాణం దాకా తీసుకెళ్లాలి, దాని మీద తీర్థయాత్ర తలపెట్టకూడదు.

అయితే బయట పెద్ద బ్యాటరీ తగిలిస్తే సరిపోదా అని కొందరంటారు. స్థానిక మెకానిక్కులు కారు బ్యాటరీనో, ఇన్వర్టర్ బ్యాటరీనో వైరు లాగి చిన్న యూపీఎస్‌కు కలిపి ఇస్తారు కూడా. మొదటి వారం ఇది అద్భుతంగా కనిపిస్తుంది. కానీ చిన్న యూపీఎస్‌లోని ట్రాన్స్‌ఫార్మర్, దాని మీది ట్రాన్సిస్టర్లు కొద్ది నిమిషాల వేడిని తట్టుకునేలా తయారైనవి. గంటసేపు నడిపితే కాగిపోతాయి. అందులోని ఛార్జర్ 7 ఏహెచ్ బ్యాటరీకి సరిపోయేంత చిన్నది. పెద్ద బ్యాటరీ దానితో ఎప్పటికీ పూర్తిగా నిండదు, సగం నిండిన లెడ్ యాసిడ్ బ్యాటరీ త్వరగా సల్ఫేషన్ పట్టి చచ్చిపోతుంది. వారంటీ పోవడం సరే, అగ్నిప్రమాదానికి తావిచ్చే పని ఇది. గంటలు కావాలనుకున్నవారికి వేరే దారి ఉండనే ఉంది.

ఆ దారి ఇన్వర్టర్. తెలుగు నాట మధ్యతరగతి ఇళ్లలో చాలాచోట్ల అది ఇప్పటికే ఉంది. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు, అంటే చిన్న యూపీఎస్ బ్యాటరీకి 20 రెట్లు పైమాటే. మరి ఇన్వర్టర్ ఉండగా యూపీఎస్ ఎందుకు? ఇది ఈ చర్చలో అన్నింటికన్నా బలమైన ఆక్షేపణ, దీనికి నిజాయితీగల జవాబు "కొందరికి అక్కర్లేదు" అన్నదే. చాలా హోమ్ ఇన్వర్టర్ల వెనుక ఒక మీట ఉంటుంది. ఒకవైపు యూపీఎస్ మోడ్, మరోవైపు ఎకో మోడ్ లేదా నార్మల్ మోడ్. మొదటిదానిలో వోల్టేజీ 180 కిందికి జారినా, 260 దాటినా వెంటనే బ్యాటరీ మీదికి మారుతుంది. మార్పిడి కూడా కంప్యూటర్ ఓర్చుకునేంత వేగంగా జరుగుతుంది. రెండోదానిలో 100 నుంచి 290 వోల్టుల దాకా సర్దుకుపోతుంది గాని మార్పిడి నెమ్మది. లైట్లు, ఫ్యాన్లకు ఫర్వాలేదు, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉన్నవారు మీటను యూపీఎస్ మోడ్‌కు మార్చి, ముఖ్యమైన ఫైళ్లేవీ తెరవకుండా ఏదైనా వీడియో నడిపిస్తూ మెయిన్ స్విచ్ నాలుగైదుసార్లు ఆపి చూడాలి. ప్రతిసారీ కంప్యూటర్ నిలబడితే కొత్త యూపీఎస్ కొనాల్సిన పని లేదు. నిలబడకపోయినా, అదే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, టీవీ, మిక్సీ పడి ఓవర్‌లోడ్‌తో ఆగిపోతున్నా, లో వోల్టేజీ పల్లెటూళ్లలో యూపీఎస్ మోడ్ వల్ల ఇన్వర్టర్ రోజంతా బ్యాటరీ మీదే నడుస్తున్నా, కంప్యూటర్ దగ్గర చిన్న యూపీఎస్ విడిగా పెట్టుకోవడమే మేలు. అప్పుడు రెప్పపాటును యూపీఎస్ దాటిస్తుంది, గంటలను ఇన్వర్టర్ మోస్తుంది. ఒక జాగ్రత్త: పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ వెనుక యూపీఎస్ పెడితే ఆ కరెంటును అది కరెంటుగానే గుర్తించక, ఉన్న కాసిని నిమిషాలూ ఖర్చు చేసుకుని ఆగిపోవచ్చు.

ఇక యూపీఎస్‌లలో రకాలు. ఆఫ్‌లైన్, లైన్ ఇంటరాక్టివ్, ఆన్‌లైన్ అని మూడు. మొదటిది కరెంటును ఉన్నదున్నట్టు పంపి, పోయినప్పుడు మాత్రం బ్యాటరీకి మారుతుంది. రెండోదానికి ఏవీఆర్ తోడవుతుంది. వోల్టేజీ తగ్గితే పెంచి, పెరిగితే తగ్గించి పంపుతుంది. మూడోది కరెంటును నిరంతరం డీసీగా, మళ్లీ ఏసీగా మారుస్తూ కంప్యూటర్‌ను సరఫరా ఒడుదొడుకుల నుంచి పూర్తిగా విడదీస్తుంది. మార్పిడి వ్యవధి సున్నా. ఏవీఆర్ కంప్యూటర్‌ను లో వోల్టేజీ నుంచి కాపాడుతుందని చెప్పి అమ్ముతుంటారు. నిజానికి మంచి ఎస్ఎంపీఎస్‌లు, లాప్‌టాప్ అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా వాటంతటవే పనిచేస్తాయి. ఏవీఆర్ ముఖ్యంగా కాపాడేది బ్యాటరీని. అది లేని ఆఫ్‌లైన్ యూపీఎస్ సాయంత్రం వోల్టేజీ పడిపోయిన ప్రతిసారీ బ్యాటరీ మీదికి దూకుతుంది. పొలం మోటార్లు ఆటోస్టార్టర్లతో ఒక్కసారిగా లేచే ఊళ్లలో అయితే రోజుకు ఎన్నిసార్లో లెక్కుండదు. బ్యాటరీ అలా అరిగిపోయి, నిజంగా కరెంటు పోయిన రోజున చేతులెత్తేస్తుంది. అందుచేత మన ప్రాంతాలకు లైన్ ఇంటరాక్టివ్ సరైన మధ్యేమార్గం. ఆన్‌లైన్ రకమే శ్రేష్ఠం కదా అంటే, ఆసుపత్రి పరికరాలకు, సర్వర్లకు శ్రేష్ఠమే. ఇంట్లో అది ఫ్యాన్ చప్పుడు, వేడి, నిత్య నష్టం వెంటబెట్టుకొస్తుంది. మార్పిడిలో 15 వాట్లు పోయాయనుకుంటే రోజుకు 0.36 యూనిట్లు, ఏడాది పొడుగునా ఆన్‌లో ఉంచితే 130 యూనిట్లు పైనే. కంప్యూటర్ తనంతట తాను ఓర్చుకోగల పది మిల్లీసెకండ్ల కోసం అంత ఖర్చు న్యాయం కాదు.

తరంగ రూపం గురించిన భయంలోనూ కొంత నిజం, కొంత అతిశయం ఉన్నాయి. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద మెట్లుమెట్లుగా ఉండే తరంగం ఇస్తాయి. ఎస్ఎంపీఎస్ ఏసీని అందుకోగానే డీసీగా మార్చుకుంటుంది కాబట్టి పాత తరహా సాదా రకాలకు దీనితో చిక్కు లేదు. కానీ 80 ప్లస్ ముద్ర ఉన్న నేటి ఎస్ఎంపీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది. అది మెట్ల తరంగంతో కొన్నిసార్లు పేచీ పెడుతుంది: గుయ్యిమంటుంది, లేదా మార్పిడి క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి యూపీఎస్‌ను ఓవర్‌లోడ్‌లోకి నెడుతుంది. మామూలు డెస్క్‌టాప్‌కు వాట్లలో కాస్త ఎడం ఉంచుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఖరీదైన గ్రాఫిక్స్ యంత్రం ఉన్నవారు మాత్రం ప్యూర్ సైన్‌వేవ్ రకానికి పోవడం సబబు. అక్కడ కాపాడే వస్తువు విలువే ఆ ఖర్చును సమర్థిస్తుంది.

అసలు ఖర్చు కొన్ననాడు తీరేది కాదు, బ్యాటరీ మార్చిన ప్రతిసారీ తిరిగొచ్చేది. సీల్డు లెడ్ యాసిడ్ బ్యాటరీకి చెప్పే మూడు నుంచి ఐదేళ్ల ఆయుష్షు 25 డిగ్రీల గది లెక్క. వేడిమి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది బ్యాటరీ పరిశ్రమ ఒప్పుకున్న సూత్రం. రామగుండంలోనో, రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో, అదీ సీపీయూ వేడిగాలి తగిలే బల్ల కింద మూల పెట్టిన యూపీఎస్ బ్యాటరీ రెండేళ్లకే నీరసిస్తే ఆశ్చర్యం లేదు. కాబట్టి బ్యాటరీ మన ఊళ్లో దొరికే ప్రామాణిక కొలతదేనా, సులువుగా మార్చవచ్చా, కంపెనీ సర్వీసు కేంద్రం జిల్లా కేంద్రంలోనైనా ఉందా అన్నవి వీఏ కంటే ముందు అడగాలి. డబ్బా మీద తయారీ తేదీ చూడాలి. నెలల తరబడి గోదాములో ఛార్జి లేకుండా పడి ఉన్న బ్యాటరీ కొత్తదై ఉండీ పాతదే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ఈ బెడద తీరుస్తాయన్న మాట వినిపిస్తోంది. అవి ఎక్కువ ఏళ్లు మన్నుతాయి, బరువూ తక్కువ. అయితే వేల సైకిళ్లు వస్తాయన్న వాటి ప్రధాన ఆకర్షణ యూపీఎస్‌లో పూర్తిగా అక్కరకు రాదు, ఎందుకంటే యూపీఎస్ బ్యాటరీ వాడకం వల్ల కంటే వయసు, వేడి వల్లే ఎక్కువగా పోతుంది. రోజూ ఖాళీ అయి నిండే ఇన్వర్టర్‌లో ఆ సైకిళ్లకు విలువ ఉంది. లెడ్ యాసిడ్ కోసం తయారైన యూపీఎస్‌లో తోచినట్టు లిథియం బ్యాటరీ దూర్చడం మాత్రం అపాయకరం. ఛార్జింగ్ పద్ధతులు వేరు.

ఏది కలపాలో ఎంచుకోవడం కూడా ఎంపికలో భాగమే. లేజర్ ప్రింటర్ ముద్రించేముందు రోలరు వేడిచేయడానికి వందల వాట్లు లాగుతుంది కాబట్టి దాన్ని యూపీఎస్‌కు కలపకూడదు. స్పీకర్లు, టేబుల్ ఫ్యాను కలిపితే నిమిషాలు తరిగిపోతాయి. తప్పక కలపాల్సినది రౌటర్. పది పన్నెండు వాట్లకు మించని ఆ చిన్న డబ్బా ఆగితే కంప్యూటర్ వెలుగుతున్నా మీటింగు తెగిపోతుంది. లాప్‌టాప్ వాడేవారికి అసలు బ్యాటరీ ఒళ్లోనే ఉంది. 40 నుంచి 60 వాట్ అవర్ల ఆ బ్యాటరీ రెండు మూడు గంటలు సాగుతుంది కనుక, వారికి రౌటర్ కోసం అమ్మే 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ ఒక్కటి చాలు. యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిసే యూపీఎస్ అయితే మనిషి దగ్గర లేనప్పుడు కూడా బ్యాటరీ అడుగంటుతుండగా విండోస్‌గానీ లైనక్స్‌గానీ తనంతట తానే షట్‌డౌన్ అవుతుంది. నిమిషాల కోసమే యూపీఎస్ అన్న వాదానికి ఈ సదుపాయమే సరైన జోడు. ఎర్తింగ్ లేని ప్లగ్గులో సర్జ్ రక్షణ చాలావరకు పేరుకే. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగి ఇంట్లోకి 300, 400 వోల్టులు వచ్చినప్పుడు యూపీఎస్ తన ప్రాణం ఇచ్చి కంప్యూటర్‌ను కాపాడవచ్చు, కాపాడకపోవచ్చు. ఆ ప్రమాదానికి వోల్టేజీ ఎక్కువైతే కట్ చేసే పరికరం మెయిన్ దగ్గర ఉండాలి. యూపీఎస్ మీద భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు, ఐఎస్ 16242 సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. పాత బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులది. చెత్తబండిలో వేయకుండా కొత్తది కొన్న చోటే మార్పిడికి ఇవ్వాలి.

మొత్తం మీద తీర్పు ఇది. మామూలు డెస్క్‌టాప్, మానిటర్, రౌటర్ ఉన్న ఇంటికి 360 వాట్లు తగ్గని లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ చాలు. అందులో 7 లేదా 9 ఏహెచ్ ప్రామాణిక బ్యాటరీ ఉండాలి, దగ్గర్లో సర్వీసు దొరకాలి. గ్రాఫిక్స్ యంత్రానికి వాట్లు కొలిచి, రెండు బ్యాటరీల సైన్‌వేవ్ రకం తీసుకోవాలి. గంటల కోతలున్న చోట యూపీఎస్‌ను పెంచడం మాని ఇన్వర్టర్ పెట్టుకోవాలి. మంచి ఇన్వర్టర్ ఇప్పటికే ఉంటే ముందు దాన్నే పరీక్షించి చూడాలి. కొన్నాక మూడు నెలలకోసారి పని లేని వేళ మెయిన్ ఆపి ఎన్ని నిమిషాలు వస్తోందో గడియారం పెట్టి చూడండి. ఐదు నిమిషాల లోపుకు పడిపోతే బ్యాటరీ మార్చండి; యూపీఎస్‌ను మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు.